మోటర్‌హోమ్ వెనక 2014 సీఆర్-వీ: ఇనుము పని ఒక రోజు, కరెంటు పని మూడు రోజులు

డాలస్ ఉత్తర శివార్లలో ఉండే ఒక తెలుగు కుటుంబం కేసు ఇది. వాళ్ల దగ్గర 34 అడుగుల క్లాస్-ఏ పెట్రోలు మోటర్‌హోమ్, అంటే లోపలే ఇల్లు ఉన్న బస్సులాంటి బండి, ఉంది. కింద ఫోర్డ్ ఎఫ్-53 ఛాసీ, 6.8 లీటర్ల వీ10 ఇంజను. ఇండియా నుంచి వేసవికి వచ్చే పెద్దవాళ్లతో కలిపి ఆరుగురు కొలరాడో వెళ్లాలి. క్యాంప్‌గ్రౌండ్‌లో ఆ బండిని ఒకసారి నిలిపి, నీళ్ల పైపు, కరెంటు తీగ, మురుగు గొట్టం తగిలించాక పాల క్యాను కోసం మళ్లీ కదపాలంటే గంట పని. అందుకే వెనక ఒక కారు కావాలి. నాలుగు చక్రాలూ నేల మీదే దొర్లుతూ అలా వెనక వచ్చే కారును అమెరికాలో ‘టోడ్’ అంటారు. లాగించుకునేదనే ఇంగ్లీషు మాటను కప్ప పేరులా పలికే సరదా అది.

ఇంట్లో రెండు హోండా సీఆర్-వీలు ఉన్నాయి: 2019ది ఒకటి, 2014 ఈఎక్స్-ఎల్ ఆల్ వీల్ డ్రైవ్ ఒకటి. కొత్తదాన్ని వెనక కట్టమని, బిగించే పని చేసే మమ్మల్ని అడిగారు. కుదరదని చెప్పాల్సి వచ్చింది. పేరు ఒకటే అయినా లోపల గేర్‌బాక్సు వేరు. 2014 వరకు ఈ కారులో మామూలు 5 స్పీడ్ ఆటోమేటిక్ ఉండేది. 2015 నుంచి సీవీటీ, అంటే మెట్లు మెట్లుగా కాకుండా నిష్పత్తి జారుతూ మారే గేర్‌బాక్సు, వచ్చింది. సీవీటీ ఉన్న సీఆర్-వీని నాలుగు చక్రాల మీద లాగకూడదని హోండా చెబుతుంది. 2012 నుంచి 2014 దాకా వచ్చినవాటికి మాత్రం ఓనర్స్ మాన్యువల్‌లోనే ఆ పద్ధతి రాసి ఉంది. ఏ కారు విషయంలోనైనా ముందు చూడాల్సింది ఆ పేజీనే. సేల్స్‌మన్ మాట, పక్కింటివాళ్ల అనుభవం, అదే మోడల్‌ను ఎవరో లాక్కెళ్తున్న వీడియో అక్కడ చెల్లవు. ‘ఒక ఏడాది ముందుదే కదా, తేడా ఏముంటుంది’ అనుకుని గేర్‌బాక్సు కాల్చుకున్నవాళ్లకు వారంటీ కూడా దక్కదు.

ముందు చక్రాల్ని చిన్న ట్రాలీ మీదికి ఎక్కించే డాలీ పద్ధతి ఈ కారుకు పనికిరాదు. ఆల్ వీల్ డ్రైవ్ కాబట్టి వెనక చక్రాలు మాత్రమే తిరుగుతుంటే వాటి డ్రైవ్ భాగాల మీద భారం పడుతుంది. పూర్తి ట్రైలర్ అయితే దాని బరువే లెక్కను తినేస్తుంది.

బరువు లెక్క

మోటర్‌హోమ్ వెనక హిచ్ (లాగేదాన్ని తగిలించే ఇనుప భాగం) మీద 5,000 పౌండ్లు అని స్టిక్కర్ ఉంది. చాలామంది ఆ అంకె చూసి ఆగిపోతారు. అది హిచ్ ఇనుము మోయగల బరువు, బండి లాగగల బరువు కాదు. ఈ ఛాసీకి బండి గరిష్ఠ బరువు 22,000 పౌండ్లు. బండి, వెనక లాగేది కలిపి గరిష్ఠం 26,000. అంటే మోటర్‌హోమ్‌ను నిండా నింపితే వెనక లాగడానికి మిగిలేది 4,000 మాత్రమే. స్టిక్కర్ చెప్పే 5,000 ఆ పరిస్థితిలో ఎక్కడా లేదు.

కాగితం మీద లెక్క చాలదు. ప్రయాణానికి సిద్ధంగా, అంటే పెట్రోలు నిండుగా, మంచినీళ్ల ట్యాంకు నిండుగా, ఆరుగురు మనుషులు, వంటసామాను, బియ్యం బస్తాతో సహా ట్రక్ స్టాప్‌లోని క్యాట్ స్కేల్ మీద తూయించారు. 21,460 పౌండ్లు వచ్చింది. మిగిలింది 4,540. ముందు బిగించే బేస్ ప్లేటు, లాగేటప్పుడు కారు బ్రేకు పెడల్‌ను నొక్కే బ్రేకు యూనిట్‌తో కలిపి కారు 3,720 తూగింది. కలిపితే 25,180. చేతిలో ఉన్నది 820 పౌండ్లు.

ఆ 820 చూసి కారు డిక్కీలో సామాను సర్దడం మొదలుపెట్టారు. సైకిళ్లు, మడత కుర్చీలు వరకు ఫర్వాలేదు. అంతకుమించి వద్దని చెప్పాం. నీళ్ల ట్యాంకు నిండుగా వెళ్లాలా అన్నది ఇంకో ప్రశ్న. 75 గ్యాలన్ల నీళ్లంటే 620 పౌండ్లకు పైనే. క్యాంప్‌గ్రౌండ్‌లో నీళ్ల కనెక్షన్ ఉన్నప్పుడు పావు ట్యాంకుతో బయల్దేరితే ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజనుకు ఆ తేడా తెలుస్తుంది.

ఇనుము పని

కారు ముందు భాగానికి బిగించే ఇనుప చట్రం బేస్ ప్లేటు. మోటర్‌హోమ్ నుంచి వచ్చే టో బార్ రెండు చేతులూ దీనికే తగులుకుంటాయి. రోడ్‌మాస్టర్, బ్లూ ఆక్స్, డెమ్‌కో కంపెనీలు ఈ సరుకు చేస్తాయి. బేస్ ప్లేటు ఆ కారు మోడలుకు, ఆ సంవత్సరానికి సరిపడేదే తీసుకోవాలి. టో బార్‌ది, దానిది ఒకే కంపెనీ అయితే అడాప్టర్ల గోల ఉండదు. ఈ కేసులో టో బార్ సామర్థ్యం 6,000 పౌండ్లు. కారు బరువు 3,720 కాబట్టి కావలసినంత మిగులు ఉంది.

ముందు బంపరు కవర్ విప్పాలి. ప్లాస్టిక్ క్లిప్పులు పదేళ్ల ఎండకు పెళుసై ఉంటాయి, విప్పేటప్పుడు కొన్ని విరగక మానవు. డజను కొత్త క్లిప్పులు ముందే తెచ్చిపెట్టుకోవడం మేలు. కవర్ వెనక బయటి ఉష్ణోగ్రత కొలిచే చిన్న సెన్సరు ఉంటుంది. దాన్ని పాత చోటు నుంచి తీసి ఎక్కడో వేలాడదీస్తే డ్యాష్‌బోర్డులో ఉష్ణోగ్రత తప్పుగా చూపిస్తుంది, ఏసీ కూడా దాని మాటే నమ్ముతుంది. కొత్త బ్రాకెట్ మీద గాలి తగిలే చోటే బిగించాలి.

ఫ్రేమ్ చివర్లలో కంపెనీ పెట్టిన రంధ్రాలు కొన్ని ఉంటాయి, కొన్ని మనం వేయాలి. డ్రిల్ చేసిన ప్రతి రంధ్రం అంచుకూ తుప్పు పట్టని పెయింటు పూయాలి. పెట్టె ఆకారంలో ఉన్న ఫ్రేమ్ లోపలికి నట్టు ప్లేటును పంపడానికి సన్నని తీగ చుట్ట కావాలి. బోల్టును తీగకు తొడిగి పెద్ద రంధ్రం నుంచి లోపలికి తోసి, కావలసిన రంధ్రంలోంచి బయటికి లాగడం. చెప్పినంత తేలిక కాదు, ఒక్కో బోల్టుకు పదిహేను నిమిషాలు పడుతుంది. బోల్టు వదులు కాకుండా పట్టే థ్రెడ్ లాకర్ జిగురు వేసి, కంపెనీ కాగితంలో ఇచ్చిన టార్క్‌కు టార్క్ రెంచితోనే బిగించాలి. చేతి అంచనా పనికిరాదు.

కవర్ కింది గ్రిల్‌లో టో బార్ చేతుల కోసం కోతలు పెట్టాలి. మొదట తక్కువ కోసి, తొడిగి చూసి, మళ్లీ కోయాలి. ప్లాస్టిక్‌ను తిరిగి అతికించడం ఎవరివల్లా కాదు.

ఎత్తు కొలత కాంక్రీటు నేల మీద, మోటర్‌హోమ్ సామానుతో ఉన్నప్పుడు తీసుకోవాలి. హిచ్ మధ్య ఎత్తు 21.5 అంగుళాలు, బేస్ ప్లేటు మీద పిన్ను ఎత్తు 16 అంగుళాలు. తేడా 5.5. టో బార్ దాదాపు సమంగా ఉండాలి, హిచ్ వైపు 3, 4 అంగుళాల లోపు ఎత్తు ఉంటే సరే, హిచ్ వైపు తగ్గకూడదు. హిచ్ ఎత్తును కిందికి దించే 4 అంగుళాల డ్రాప్ రిసీవర్ పెడితే తేడా 1.5కు దిగింది. ఆ తేడాను అలాగే 5.5 దగ్గర వదిలేస్తే గట్టిగా బ్రేకు పడినప్పుడు కారు ముందుకు తోసుకొస్తుంది, ఆ వంపులో తోపు హిచ్‌ను పైకి ఎత్తే బలంగా మారుతుంది. బార్ విరిగే సందర్భాల్లో ఇదొకటి.

సేఫ్టీ కేబుళ్లు రెండూ బార్ కింద ఎక్స్ ఆకారంలో దాటించి తగిలించాలి. డ్రాప్ పెట్టాక పాత కేబుళ్లు పొట్టి అవుతాయి. మలుపులో బిగుసుకుపోతాయి. ఈ కేసులో 12 అంగుళాల పొడిగింపు కావలసి వచ్చింది.

ఇదంతా ఒక రోజులో అయింది. అసలు తలనొప్పి రెండో రోజు మొదలైంది.

లైట్లు

మోటర్‌హోమ్ వెనక ఎర్ర బల్బు ఒక్కటే రెండు పనులు చేస్తుంది. బ్రేకు నొక్కితే నిలకడగా వెలుగుతుంది, ఇండికేటర్ వేస్తే మిణుకుతుంది. సీఆర్-వీలో ఇండికేటర్ బల్బు వేరు, పసుపుది. బ్రేకు బల్బు వేరు. మోటర్‌హోమ్ నుంచి వచ్చేవి మూడే సంకేతాలు: ఎడమ బ్రేకు-ఇండికేటర్, కుడి బ్రేకు-ఇండికేటర్, టెయిల్ లైటు. ఈ మూడింటినీ కారు ఎర్ర బల్బులకు పంపాలి.

దానికి రెండు దారులున్నాయి. వెనక లైటు గూడులో రంధ్రం వేసి వేరే బల్బు పెట్టడం ఒకటి, కారు సొంత తీగల్లో డయోడ్లు పెట్టడం ఇంకొకటి. ఈ కారు లైటు గూడులో చోటు తక్కువ, నీళ్లు దిగే భయం ఎక్కువ. డయోడ్లే ఎంచుకున్నాం. నాలుగు కావాలి: రెండు బ్రేకు బల్బులకు, రెండు టెయిల్ బల్బులకు. డయోడ్ పని ఒకటే, కరెంటును ఒక వైపే వెళ్లనివ్వడం. అది లేకుండా తీగలు నేరుగా కలిపేస్తే మోటర్‌హోమ్ కరెంటు వెనక్కి నడిచి కారు కంట్రోల్ మాడ్యూల్‌లోకి దూరుతుంది. బ్రేకు నొక్కిన ప్రతిసారీ కారు నిద్ర లేస్తుంది, ఎప్పుడో ఒకప్పుడు మాడ్యూల్ పోతుంది. డయోడ్లు వేడెక్కుతాయి కాబట్టి రేకుకు బిగించాలి, కార్పెట్ కిందో, ప్లాస్టిక్ మీదో టేపు చుట్టి వదలకూడదు. ఎర్త్ తీగను గీకి శుభ్రం చేసిన ఛాసీ రేకుకు బిగించాలి. ఎడమ ఇండికేటర్ వేస్తే రెండు వైపులా మసకగా మిణుకుతోందంటే పది సార్లలో తొమ్మిది సార్లు ఎర్త్ తప్పే.

అంతా కట్టి, కారును తగిలించి, ఇండికేటర్ వేసి చూస్తే బాగానే ఉంది. కానీ కారులోని బ్రేకు యూనిట్ పెడల్‌ను నొక్కిన క్షణం ఇండికేటర్ మిణకడం ఆగిపోయింది. కారణం సూటిగా ఉంది. పెడల్ కదిలితే కారు సొంత స్టాప్ స్విచ్చి కారు బ్యాటరీ నుంచి అదే బల్బుకు నిలకడగా కరెంటు పంపుతుంది. మోటర్‌హోమ్ నుంచి మిణుకు వస్తున్నా, ఇటు నుంచి వచ్చే నిలకడ వెలుగు దాన్ని మింగేస్తుంది. బ్రేకు వేస్తూ మలుపు తిరిగే బండి వెనకవాడికి ఆ మలుపు కనిపించదు.

దీనికి మందు బ్రేకు లైటు రిలే. లాగేటప్పుడు కారు సొంత స్టాప్ కరెంటును పక్క బల్బులకు వెళ్లకుండా తెంపుతుంది, విప్పేశాక తిరిగి కలుపుతుంది. రిలేను స్టాప్ స్విచ్చి దగ్గర కాకుండా, పైనున్న మూడో బ్రేకు లైటుకు తీగ చీలిన తర్వాత పెట్టాం. మూడో లైటు ఎలాగూ మిణుకదు, అది నిలకడగా వెలగడమే కావాలి. లైట్లు సరిపోయాయి. కాకపోతే ఈ మందు ఇంకో జబ్బు లక్షణాన్ని దాచిపెట్టింది. ఆ సంగతి బ్రేకు దగ్గర.

బ్యాటరీ

లాగుతున్నంతసేపూ తాళంచెవి ‘I’ (యాక్సెసరీ) దగ్గరే ఉండాలి, లేకపోతే స్టీరింగ్ లాక్ పడుతుంది. అక్కడ ఉంటే రేడియో, యాక్సెసరీలు కొంచెం కొంచెంగా కరెంటు తాగుతాయి. అందుకే రేడియో యాక్సెసరీకి సంబంధించిన 7.5 ఆంపియర్ల ఫ్యూజును తీసేస్తారు. డ్రైవర్ వైపు డ్యాష్‌బోర్డు కింద పెట్టెలో ఉంటుంది. రోజూ మోకాళ్ల మీద కూర్చుని పీకుతూ పెడుతూ ఉంటే ఫ్యూజు కాళ్లు పట్టుకునే చోటు వదులవుతుంది. దాని బదులు ఫ్యూజు స్థానంలో తీగ లాగి ఒక చిన్న స్విచ్చి పెట్టడం నయం.

ఈ కారు బ్యాటరీ 51ఆర్ సైజు, చిన్నది. దాని మీద బ్రేకు యూనిట్ కూడా బతుకుతుంది. ఫ్యూజు తీసి, తాళం ‘I’లో పెట్టి, బ్రేకు యూనిట్‌తో ఆరు గంటలు నడిపి చూస్తే బ్యాటరీ 11.9 వోల్టులకు దిగింది. ఇంజను ఎలాగో స్టార్టయింది, అంతే. ఇంకో రెండు గంటలు గడిచి ఉంటే ఆ మాటా చెప్పలేం. ఇక్కడ బ్యాటరీ చావడం మామూలు ఇబ్బంది కాదు. ప్రతి 8 గంటలకూ ఇంజను స్టార్ట్ చేసి గేర్‌బాక్సుకు చేయాల్సిన తంతు ఒకటుంది, అది చేయలేకపోతే బండి అక్కడే ఆగిపోవాలి.

మోటర్‌హోమ్ సాకెట్‌లో ఛార్జింగ్ తీగ ఉంది కదా, దాన్ని కలిపేస్తే చాలదా? ముందు ఆ పిన్నులో కరెంటు ఉందో లేదో మీటరుతో చూడాలి. చాలా మోటర్‌హోమ్‌లలో సాకెట్ ఏడు పిన్నులది ఉన్నా ఛార్జింగ్ తీగ లోపల కలిపి ఉండదు. ఇక్కడ ఉంది. అయినా సరిపోలేదు, లెక్క చూడండి. 12 గేజ్ రాగి తీగకు వెయ్యి అడుగులకు 1.6 ఓమ్‌ల నిరోధం. మోటర్‌హోమ్ ముందు నుంచి కారు బ్యాటరీ దాకా సుమారు 60 అడుగులు, వెనక్కి వచ్చే దారితో 120. అంటే దాదాపు 0.19 ఓమ్. 10 ఆంపియర్లు లాగితే దారిలోనే 1.9 వోల్టులు పోతాయి. ఆల్టర్నేటర్ దగ్గర 14 ఉన్నా కారు దగ్గరికి వచ్చేసరికి 12.1. దాంతో బ్యాటరీ నిండదు. 3 ఆంపియర్లే అయితే పోయేది 0.6 వోల్టు లోపే, నెమ్మదిగా నిండుతుంది. కానీ బ్రేకు యూనిట్ మోటారు తిరిగినప్పుడల్లా కరెంటు ఒక్కసారిగా ఎక్కువ కావాలి.

కారు వైపు డీసీ-డీసీ ఛార్జర్ పెట్టాం. వచ్చే వోల్టేజీ తక్కువైనా దాన్ని పెంచి బ్యాటరీకి సరిపడేంత ఇస్తుంది. రెండు చివర్లా, బ్యాటరీకి దగ్గరగా, ఫ్యూజులు. మళ్లీ ఆరు గంటలు నడిపితే చివర్లో 12.6.

బ్రేకు

చాలా రాష్ట్రాల్లో 3,000 పౌండ్లు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకు ఉండాలి. చట్టం అలా ఉంచి, 22,000 పౌండ్ల బండిని ఆపడానికి కొలిచి పెట్టిన బ్రేకుల మీద ఇంకో 3,700 పౌండ్లు పడితే ఆగే దూరం పెరుగుతుంది. ఎఫ్-53కి హైడ్రాలిక్ బ్రేకులు. డీజిల్ కోచ్‌ల ఎయిర్ బ్రేకు గాలితో పనిచేసే రకం దీనికి కుదరదు. సీటుకు, పెడల్‌కు మధ్య కూర్చోబెట్టే పెట్టె రకం ఎంచుకున్నారు. వేగం తగ్గడాన్ని పసిగట్టి, ఎంత గట్టిగా తగ్గితే అంత గట్టిగా పెడల్‌ను నొక్కుతుంది.

అమర్చే ముందు ఒక పని మరవకూడదు. ఇంజను ఆపేశాక, పెడల్ నొక్కుకు బలం చేర్చే బ్రేకు బూస్టర్‌లో రెండు మూడు నొక్కులకు సరిపడా వాక్యూమ్ మిగిలి ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి యూనిట్‌ను సెట్ చేస్తే పెడల్ మెత్తగా అనిపిస్తుంది. దారిలో మొదటి రెండు బ్రేకులు అతిగా పడతాయి, తర్వాత పెడల్ గట్టిపడి సరిగా పడవు. అందుకే ఇంజను ఆపి, పెడల్ రాయిలా గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కి, ఆ తర్వాతే యూనిట్ పెట్టి ఒత్తిడి సెట్ చేయాలి.

కారు విడిపోతే బ్రేకు దానంతటదే పడేలా బ్రేక్‌అవే స్విచ్చి పెట్టాం. దాని తీగను డ్రాప్ రిసీవర్‌కు కాకుండా మోటర్‌హోమ్ ఫ్రేమ్‌కు తగిలించాలి. డ్రాపే ఊడిపోతే దాంతోపాటు తీగ కూడా వచ్చేస్తుంది, పిన్ను ఊడదు, బ్రేకు పడదు. అమర్చాక పిన్ను చేత్తో లాగి పెడల్ నిజంగా దిగుతోందో లేదో చూశాం.

ఇప్పుడు ఆ దాగిన లక్షణం. 40 మైళ్ల పరీక్ష ప్రయాణంలో బండి కొంచెం బరువుగా నడిచింది, ఎదురుగాలి అనుకున్నారు. ఆపి దగ్గరికి వెళ్తే ముందు చక్రాల దగ్గర కాలిన వాసన. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెడితే రెండు ముందు డిస్కులూ 400 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాయి. వెనకవి కూడా వేడిగానే ఉన్నాయి. రెండు వైపులా ఒకేలా ఉన్నాయంటే ఒక కాలిపర్ పట్టేయడం కాదు, పెడల్ నొక్కుకుని ఉంది. ఈఎక్స్-ఎల్‌లో డ్రైవర్ సీటు కరెంటుతో జరుగుతుంది. బటన్ ఒక క్షణం ఎక్కువ నొక్కితే సీటు యూనిట్‌ను ముందుకు తోస్తుంది, యూనిట్ పెడల్‌ను తోస్తుంది. అంగుళంలో పావు వంతు చాలు, ప్యాడ్లు డిస్కును రాస్తూనే ఉంటాయి.

మామూలుగా అయితే పెడల్ ఆ కాస్త దిగగానే వెనక బ్రేకు లైట్లు వెలిగి విషయం బయటపడేది. కానీ రిలే పెట్టి మనమే వాటిని తెంపాం. మూడో లైటు వెలుగుతూనే ఉంది, అయితే అది కారు వెనక వైపు పైన ఉంటుంది. మోటర్‌హోమ్ వెనక కెమెరాకు కనిపించేది కారు ముఖం.

అందుకని స్టాప్ స్విచ్చికి, రిలేకు మధ్య నుంచి ఒక తీగ తీసి, కనెక్టర్‌లో ఖాళీగా ఉన్న పిన్ను ద్వారా మోటర్‌హోమ్ డ్యాష్‌బోర్డు మీద చిన్న ఎర్ర ఎల్ఈడీకి కలిపాం. కారు పెడల్ ఎప్పుడు దిగితే అప్పుడు డ్రైవర్ ముందు అది వెలుగుతుంది. డ్రైవర్ బ్రేకు వదిలాక కూడా ఆరకపోతే పక్కకు ఆపాలి. ఈ తీగ ఖర్చు పది డాలర్లు కూడా కాదు. యూనిట్ తయారీదారులిచ్చే వైర్‌లెస్ మానిటర్లు యూనిట్ తాను ఏం చేస్తున్నానని అనుకుంటోందో చెబుతాయి. స్టాప్ స్విచ్చి తీగ పెడల్ నిజంగా ఎక్కడుందో చెబుతుంది. రెండింటిలో ఒకటే పెట్టాలంటే తీగే పెట్టాలి.

సీటు పక్క ప్లాస్టిక్ మీద, కింద పట్టా మీద తెల్ల పెయింటుతో గీత గీశాం. రెండు గీతలూ కలిసిన చోటే సీటు. ప్యాడ్లు విప్పి చూసి, మెరుపు పట్టినవి మార్చేశాం. మళ్లీ 40 మైళ్లకు డిస్కులు 130 దగ్గర ఉన్నాయి.

తగిలించే వరుస

సమతలంలో, మోటర్‌హోమ్ వెనక కారును నేరుగా నిలపాలి. టో బార్ చేతులు లాగి పిన్నులు వేసి క్లిప్పులు పెట్టాలి. తర్వాత కేబుళ్లు, కరెంటు తీగ, బ్రేక్‌అవే తీగ. ఆ తర్వాత గేర్‌బాక్సు తంతు. దీన్ని ఎవరూ తొందరలో చేయకూడదు.

ఇంజను స్టార్ట్ చేసి, బ్రేకు మీద కాలు ఉంచి, గేర్ లివర్‌ను అన్ని స్థానాల గుండా తిప్పాలి. డీ (డ్రైవ్)లో పెట్టి ఐదు సెకన్లు ఆగి, అక్కడి నుంచి ఎన్ (న్యూట్రల్)లోకి. ఇంజనును మూడు నిమిషాలు అలాగే తిరగనిచ్చి ఆపాలి. హ్యాండ్ బ్రేకు వదలాలి. తాళం ‘I’లో ఉంచి స్టీరింగ్ రెండు వైపులా తిరుగుతోందో చేత్తో చూడాలి. ఫ్యూజు స్విచ్చి తిప్పాలి. చివర్న బూస్టర్ ఖాళీ చేసి బ్రేకు యూనిట్ కూర్చోబెట్టాలి.

డీ నుంచి ఎన్‌కే రావాలి, ఆర్ (రివర్సు) నుంచి ఎన్‌కు వచ్చి లాగితే గేర్‌బాక్సు తీవ్రంగా దెబ్బతింటుందని హోండా గట్టిగా హెచ్చరిస్తుంది. ఈ గేర్‌బాక్సులో రివర్సును పళ్ల చక్రాన్ని పట్టే ఒక స్లీవు కలుపుతుంది. ఆర్ నుంచి నేరుగా ఎన్‌కు వస్తే స్లీవు రివర్సు వైపే ఉండిపోవచ్చు. డీలోకి వెళ్తేనే అటు నుంచి ఇటు జరుగుతుంది. అది రివర్సు వైపు ఉండగా చక్రాలు 60 మైళ్ల వేగంతో షాఫ్టును తిప్పితే లోపలి భాగాలు అక్కర్లేని వేగంతో తిరుగుతాయి. పైగా ఇంజను ఆగి ఉంది కాబట్టి ఆయిల్ పంపు తిరగదు. తిరిగే గేర్లు చిమ్మే ఆయిలే దిక్కు. గంటకు 65 మైళ్లు మించొద్దన్నదీ, 8 గంటలకోసారి ఇదంతా మళ్లీ చేయమన్నదీ అందుకే. టెక్సాస్‌లో చాలా రోడ్ల మీద 75 రాసి ఉంటుంది, అది మనకు కాదు. ఆయిల్ హోండా ఏటీఎఫ్ డీడబ్ల్యూ-1, మట్టం మార్కు మీదికి పోకూడదు, కిందికీ దిగకూడదు.

తాళంచెవి కారులోనే ఉంటుంది కాబట్టి రిమోట్‌తో డోర్లు లాక్ కావు. రెండో చెవితో డోర్ తాళం వేయాలి. ఆ రెండో చెవి ఇంట్లో మరిచి వచ్చినవాళ్లు తక్కువేం కాదు.

కదిలేటప్పుడు పది పదిహేను అడుగులు మెల్లగా వెళ్లాలి. టో బార్ రెండు చేతులూ ఒకటి తర్వాత ఒకటి టక్కుమని లాక్ పడతాయి. దిగి చూసి, కారు నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయో ఒకరు పక్కన నిలబడి గమనించాలి. ఆ తర్వాత వెనక్కి నడపడం అన్న మాటే లేదు. నాలుగు అడుగులు రివర్సు చేసినా కారు ముందు చక్రాలు ఒక పక్కకు పూర్తిగా మెలిపడతాయి, బార్ వంగుతుంది. పెట్రోలు బంకులో ఇరుక్కుంటే కారు విప్పడమే దారి. విప్పేటప్పుడు పిన్ను రాకపోతే సుత్తి తీయకండి, కారు వంకరగా నిలబడి బార్ బిగుసుకుని ఉంటుంది. మోటర్‌హోమ్‌ను ఒక అడుగు ముందుకు జరిపితే వదులవుతుంది.

ఖర్చు, మొదటి ప్రయాణం తర్వాత

బేస్ ప్లేటు, టో బార్, డ్రాప్, కేబుళ్లు, బ్రేకు యూనిట్, డయోడ్లు, రిలే, ఛార్జర్, కూలితో కలిపి 5,000 డాలర్లకు కాస్త తక్కువైంది. అందులో సగానికి పైగా టో బార్, బ్రేకు యూనిట్‌లకే పోయింది. కారు చక్రాలకు నాలుగు టైర్ ప్రెషర్ సెన్సర్లు అదనం. కారు సొంత సెన్సర్ల సంగతి అడగొద్దు, తాళం ‘I’లో ఉన్నప్పుడు వాటి దీపం డ్రైవర్‌కు ఎలాగూ కనబడదు. వెనక కారు టైరు పంక్చరైతే మోటర్‌హోమ్ స్టీరింగ్‌లో ఏమీ తెలియదు. రబ్బరు చీలికలై రిమ్ము రోడ్డును గీకి నిప్పురవ్వలు లేచేదాకా డ్రైవర్ హాయిగా పాటలు వింటూనే ఉంటాడు.

ప్రయాణం ఫోర్ట్‌వర్త్ నుంచి యూఎస్ 287 మీద అమరిల్లో, అక్కడి నుంచి డమస్, డల్‌హార్ట్, క్లేటన్ మీదుగా రాటన్, ఆపైన ఐ-25. రాటన్ కనుమ ఎత్తు 7,834 అడుగులు. ఎక్కేటప్పుడు టో-హాల్ మోడ్‌లో (బరువు లాగేటప్పుడు వాడే గేర్ పద్ధతిలో) ఇంజను ఊపిరి ఎగబీల్చింది, 40 మైళ్లకు దిగింది, అది మామూలే. ట్రినిడాడ్ వైపు దిగేటప్పుడు ఇంజను బ్రేకింగ్‌తోనే ఎక్కువ దూరం దిగారు. ఆ మెల్లని తగ్గుదలకు కారు యూనిట్ స్పందించదు, స్పందించకూడదు కూడా. ఎర్ర ఎల్ఈడీ డ్రైవర్ బ్రేకు తొక్కినప్పుడే వెలిగింది, వదలగానే ఆరింది.

తిరిగొచ్చాక కారు మళ్లీ లిఫ్టు ఎక్కింది. బేస్ ప్లేటు బోల్టులన్నీ టార్క్ రెంచితో చూస్తే ఒక్కటి మాత్రం పావు చుట్టు తీసుకుంది. కరెంటు తీగ ఒక చోట నేలకు రాసుకుని పై పొర అరిగింది. డ్రాప్ పెట్టాక కేబుళ్లు పొడిగించాం గానీ ఈ తీగకు ఆనుకునే కొక్కెం పెట్టలేదు. కొత్త తీగ వేసి, టో బార్ మీదే రెండు క్లిప్పులతో కట్టాం.

ఇక సీటు గీత. డ్రైవర్ వైపు ఎండ పడి పెయింటు అప్పుడే సగం పోయింది. దాని చోట ఇప్పుడు రెండు చిన్న రివెట్లు ఉన్నాయి.